బడి బందు పెట్టిన నెల

12 సెప్టెంబర్ 2011, సోమవారం

రేపటి నుంచి సకల జనుల సమ్మె. టీచర్లం శుక్రవారం నుంచి దిగుతాం. పదో తరగతిలో ఈ సంగతి చెప్పగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇరవై తొమ్మిది మంది. నాకూ ఛాతీ ఉప్పొంగింది.

మూడో బెంచీలోంచి లీల లేచింది. "సార్, మరి సిలబస్ ఎట్ల?" అంది. త్రికోణమితి ఇంకా మొదలే పెట్టలేదు.

"తెలంగాణ అస్తే సిలబస్సే మారుతది బిడ్డా" అన్నాను. క్లాసంతా నవ్వింది. లీల కూడా నవ్వింది గానీ కూర్చోలేదు. ఇంకేదో అడగబోయింది. గంట కొట్టారు.

ఈ పిల్ల గురించి రాసి పెట్టుకోవాలి. తండ్రి పోశం మస్కట్ పోయి మూడేళ్లు. రెండేళ్లుగా అయిపూ అజా లేదు. తల్లి మొగిలవ్వ బీడీలు చుడుతుంది. లీల తెల్లారేసరికే లేచి తల్లితో పాటు చుట్టి, తర్వాత బడికి వస్తుంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో, నేను బోర్డు మీద చేసిన లెక్కను నాకంటే దగ్గరి దారిలో చేసి చూపిన పిల్లలు ముగ్గురు. లీల మూడో మనిషి. మొదటి ఇద్దరూ ఇంజనీర్లు.

16 సెప్టెంబర్, శుక్రవారం

బడికి తాళం వేశాం. వేసింది మదన్ మోహన్ రావు సార్. సోషల్ చెప్తారు, ఇన్‌ఛార్జి హెడ్మాస్టరు, మండల జేఏసీకి పెద్ద. ఒకప్పుడు వాళ్ల తాత దొరగా కచేరీ పెట్టి తీర్పులు చెప్పిన ఊళ్లోనే ఈయన బడి పంతులు. తాళం వేస్తుంటే పేపరువాళ్లు ఫొటో తీశారు. నేను పక్కనే నిలబడ్డాను.

క్రాస్ రోడ్డు దగ్గర టెంటు. నాకు మైకు ఇచ్చారు. బీఎడ్ చేసి ఆరేళ్లు ఖాళీగా తిరిగిన సంగతి చెప్పాను. మన పోస్టుల్లో వేరేవాళ్లు కూర్చుంటే, మనం సిరిసిల్లలో సాంచాల మీద కూర్చున్నామని చెప్పాను. నేను నిజంగా కూర్చున్నాను, నాలుగేళ్లు, పవర్‌లూమ్ షెడ్డులో. జనం ఈలలు వేశారు. అబద్ధం ఒక్క ముక్క లేదు.

బైకు మీద సిరిసిల్లకు తిరిగి వస్తుంటే గొంతు బొంగురుపోయి ఉంది. చాలా ఏళ్ల తర్వాత ఇంత బాగున్నాను.

20 సెప్టెంబర్, మంగళవారం

మా అమ్మాయి సిద్రాది కూడా ఈసారి పదో తరగతే. సిరిసిల్లలో ప్రైవేటు స్కూలు, అదీ మూసేశారు. పొద్దున రెండు గంటలు కూర్చోబెట్టి త్రికోణమితి మొదలుపెట్టాను. చక్కగా పట్టుకుంటోంది.

నా భార్య జైనాబీ చాయ్ తెచ్చి పెట్టి, మరి మీ బడి పిల్లలకు ఎవరు చెప్తున్నారు అని అడిగింది. దెప్పడానికి అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది.

22 సెప్టెంబర్, గురువారం

ఉండబట్టలేక ఊరికి వెళ్లాను. బస్సులు లేవు. వేములవాడ, చందుర్తి దాటే దాకా రోడ్డు మీద ఆటోలు తప్ప ఏమీ లేవు.

మొగిలవ్వ ఇంటి అరుగు మీద ఆరుగురు ఆడపిల్లలు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. అందరూ నా పదో తరగతే. నన్ను చూసి చాటలు దాచబోయారు. ఎందుకు దాస్తారు? సమ్మెలో ఉన్నది నేను, వాళ్లు కాదు.

మొగిలవ్వను అడిగాను, రోజూ ఒక గంట ఈ అరుగు మీద లెక్కలు చెప్పుకోవచ్చా అని. ఆమె చీపురు తీసుకుని తంబాకు పొడి ఊడ్చింది. "మీరు అస్తనంటె అరుగేంది సారు, ఇల్లే ఇస్త" అంది.

24 సెప్టెంబర్

పదిహేను మంది. సైన్, కాస్, టాన్ అయిపోయాయి. లీల ఎత్తు కొలిచే లెక్కలు ముందే చూసి పెట్టుకుంది.

26 సెప్టెంబర్, సోమవారం

పంతొమ్మిది మంది. గోడకు ఒక పాత తలుపు ఆనించి బోర్డు చేశాం. ఇవాళ పిల్లలు వెళ్లిపోయాక కూడా లీల లేవలేదు. ముప్పై డిగ్రీలు, అరవై డిగ్రీలు సరే, ముప్పై ఏడు డిగ్రీలయితే ఏం చేస్తారు సార్ అని అడిగింది. పై క్లాసుల్లో టేబుల్స్ ఉంటాయని చెప్పాను. టేబుల్స్ చేసినాయన ఎట్ల చేసిండు అంది. నాకు సరిగ్గా తెలియదని ఒప్పుకున్నాను. తెలియదని చెప్పినందుకే చాలా సంబరపడింది.

27 సెప్టెంబర్, మంగళవారం

మదన్ మోహన్ రావు సార్ వచ్చారు. సుమోలో నలుగురిని వెంటేసుకుని. అప్పుడు నేను తలుపు మీద బొమ్మ గీస్తున్నాను.

"హైదర్ సాబ్, సమ్మెల ఉన్నమా లేమా?" అన్నారు.

సమ్మె బడికి గదా సార్, ఇది అరుగు అన్నాను.

"మీరు ఒక్క అరుగు మీద చెప్తె రేపు ఇంకొకలు ఇంకో అరుగు మీద చెప్తరు. సదువులు నడుస్తున్నయని సర్కారు టీవీల సూపిస్తది. గప్పుడు మనం ఎందుకు కూసున్నట్టు?"

ఆ మాటలో తప్పేముందో ఇప్పటికీ చెప్పలేను. పిల్లలు పుస్తకాలు మూసి ఇళ్లకు పోయారు. ఎవరూ పొమ్మనలేదు.

టెంటు దగ్గరికి తీసుకెళ్లారు. మైకు ఇచ్చారు. పదకొండు రోజుల కింద ఇదే మైకు. క్రమశిక్షణ తప్పాను, మళ్లీ జరగదు అని చెప్పాను. వెనుక నుంచి ఎవడో, "రజాకార్ బుద్ధి యాడికి పోతది" అన్నాడు. ఇద్దరో ముగ్గురో నవ్వారు. నేను మదన్ మోహన్ రావు సార్ వైపు చూశాను. ఆయన మైకు వైరు సరిచేస్తున్నారు.

మా తాత సిరిసిల్లలో నూలుకు రంగులు అద్దేవాడు. చచ్చేదాకా ఆయన చేతులు మోచేతుల వరకు నీలిగానే ఉండేవి. తుపాకీ ఎట్లా ఉంటుందో ఆయనకు తెలుసో లేదో కూడా నాకు తెలియదు. ఇదంతా మైకులో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. డైరీలో రాస్తున్నాను, మగాణ్ణి.

28 సెప్టెంబర్

ఊరికి వెళ్లలేదు.

29 సెప్టెంబర్

వెళ్లలేదు. సిద్రాకు ఆ చాప్టరు పూర్తయింది.

3 అక్టోబర్, సోమవారం

ఇవాళ రిలే దీక్షలో నా వంతు. పేరు నేనే ఇచ్చాను. ఒక పూట తిండి మానేసి కూర్చుంటే ఆ మాట తుడిచిపోతుందేమోనని. మెడలో బంతిపూల దండ.

పదకొండు గంటలకు లీల వచ్చింది. ఊరి నుంచి నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చింది. చెప్పులు చేతిలో పట్టుకుని టెంటు గుంజ దగ్గర నిలబడింది. దండ వేసుకుని కూర్చున్న నన్ను ఎట్లా పిలవాలో తెలియక చాలాసేపు చూసింది. చివరికి పక్కకు వచ్చి వంగి, "ఒక్కసారి ఇంటికి రాండ్రి సార్. అమ్మతోటి మాట్లాడాలె" అంది.

మైకులో మదన్ మోహన్ రావు సార్ మాట్లాడుతున్నారు. మాట్లాడుతూనే మా వైపు చూశారు. చూశారో లేదో. నాకు చూసినట్టే అనిపించింది.

"తర్వాత చూద్దాం బిడ్డా. సమ్మె అయిపోనీ" అన్నాను.

ఎప్పుడైపోతుంది సార్ అని అడిగింది. తెలియదన్నాను. ఈసారి నా తెలియదుకు సంబరపడలేదు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేశారు. ఫొటోలు తీశారు.

6 అక్టోబర్, గురువారం, దసరా

మదన్ మోహన్ రావు సార్ సిరిసిల్లలో మా ఇంటి దాకా వచ్చారు. జమ్మి ఆకు చేతిలో పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ ఇచ్చారు. వెంట వాళ్ల కొడుకు జయంత్. యూనివర్సిటీలో చదువుతాడు. మొన్న ఎండాకాలం పోలీసు లాఠీకి కుడి మణికట్టు విరిగింది. గ్లాసు ఎడమ చేత్తో అందుకున్నాడు.

"ఆ మాట నేనన్లే గద" అన్నారు సార్, జయంత్ బయటికి వెళ్లాక.

మీరనలేదు సార్ అన్నాను.

"వీని చెయ్యి ఇంక సక్కగ కాలే హైదర్ బాయ్. పెన్ను పట్టరాదు. నేను మెత్తగ ఉంటె ఎట్ల చెప్పు."

ఆయన్ను ద్వేషించడం తేలికగా ఉండాలని కోరుకున్నాను. కాలేదు. జైనాబీ షీర్ ఖుర్మా పెట్టింది. మళ్లీ వేయించుకుని తిన్నారు.

10 అక్టోబర్, సోమవారం

పొద్దున ఫోన్. నా క్లాసు పిల్లే, వాళ్ల అన్న ఫోన్ నుంచి చేసింది. శుక్రవారం లీల పెళ్లి. మొన్న నేను దండ వేసుకుని కూర్చున్నప్పుడు లీల వచ్చింది ఇందుకే.

వెంటనే వెళ్లాను. మొగిలవ్వ అరుగు మీద ఒక్కతే ఉంది. పెళ్లికొడుకు పేరు పరశురాములు, ఊరు బుగ్గారం, కోరుట్లలో ట్రాక్టర్ల షెడ్డులో మెకానిక్. ఇరవై ఆరేళ్లు. లీలకు పదిహేను. ఇది తప్పు అక్కా, చట్టం ఒప్పుకోదు, ఇంకో ఆరు నెలలు ఆగితే పరీక్షలు అయిపోతాయి అని ఏవేవో చెప్పాను. ఆమె చాట పక్కన పెట్టి వింది. మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. అంతా అయ్యాక చెప్పింది.

"బడి నడిచినన్ని దినాలు ఎవలచ్చి అడిగినా, పిల్ల సదువుకుంటున్నదని వాపస్ పంపిన. ఇప్పుడేమని పంపాలె సారు? ఇంట్ల మొగదిక్కు లేదు. నేను బీడీలు ఇచ్చెటందుకు పోతె పిల్ల ఒక్కతే ఉంటది. ఊరు మంచిగ లేదు. బడి మేం బందు వెట్టలే. మీరు వెట్టిండ్రు."

సమ్మె ఎక్కువ రోజులు ఉండదన్నాను.

"మీ బిడ్డ సదువుతున్నదా?"

చదువుతోందన్నాను.

"ఎవలు చెప్తున్నరు?"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. లీల వింటోంది. నేను అరుగు దిగి బైకు దగ్గరికి వచ్చాను.

11 అక్టోబర్, మంగళవారం

మండల ఆఫీసుకు వెళ్లాను. తాళం. ఆఫీసువాళ్లంతా మా టెంటుకు పక్క టెంటులోనే ఉన్నారు. ఒక గుమాస్తా దగ్గర కూర్చుని మెల్లగా విషయం చెప్పాను. మంచి మనిషి. తల పంకించి, "మేం సమ్మెల ఉన్నం సారు. మీరు గూడ ఉన్నరు గద" అన్నాడు.

స్టేషన్‌లో ఒక్క కానిస్టేబులు ఉన్నాడు. మిగతావాళ్లంతా బందోబస్తు. రాసి ఇమ్మన్నాడు, రాసి ఇచ్చాను. దాన్ని రిజిస్టరు కింద పెట్టాడు. పైవాళ్లు వచ్చాక చూపిస్తానన్నాడు. కరీంనగర్‌కు రెండు మూడు ఆఫీసులకు ఫోన్ చేశాను. మోగింది మోగినట్టే ఉంది.

మదన్ మోహన్ రావు సార్‌కు చెప్పాను. ఆయన ముఖం నల్లబడింది. లీల ఎవరో ఆయనకు తెలుసు. పోయిన ఏడు మండల టాలెంట్ టెస్టులో మెడల్ ఆయన చేత్తోనే వేశారు. ఇప్పుడు మనం పోలీసులను ఊళ్లోకి పిలిస్తే సమ్మె మీద ఏం ప్రభావం పడుతుందో ఆలోచించు అన్నారు. ఆలోచించాను. ఆలోచించడం నాకు బాగా వచ్చు.

14 అక్టోబర్, శుక్రవారం

ఆపడానికే పెళ్లికి వెళ్లానని రాసుకోవాలని ఉంది. పోలీసులు వస్తారేమోనని ముహూర్తం దాకా రోడ్డు వైపే చూశాను. ఎవరూ రాలేదు. మొగిలవ్వ ముందు వరుసలో కుర్చీ వేయించింది. మా బిడ్డకు సదువు చెప్పిన సారు అని మగపెళ్లివారికి చూపించింది. లీల తల ఎత్తలేదు.

అక్షింతలు పళ్లెంలో తెచ్చారు. తీసుకున్నాను. వేశాను.

18 అక్టోబర్, మంగళవారం

టీచర్ల సమ్మె వాయిదా పడింది. నిన్నటి నుంచి బడి. తెలంగాణ ఏమైందని పిల్లలు అడగలేదు. అడుగుతారేమోనని సిద్ధమై వెళ్లాను.

అటెండెన్సు పిలుస్తూ లీల పేరు దగ్గర ఆగకుండా పిలిచేశాను. అలవాటు. వెనుక బెంచీలోంచి ఒక పిల్ల, "పెండ్లయింది సార్" అంది. క్లాసులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. తర్వాతి పేరు పిలిచాను.

పోయిన రోజులన్నీ ఆదివారాలు, సెలవు దినాలు పని చేసి పూడ్చాలట. పూడ్చుతాం. రిజిస్టరులో పూడుతుంది.

25 నవంబర్, శుక్రవారం

పదో తరగతి పరీక్షలకు నామినల్ రోల్స్ పంపే చివరి రోజులు. లీల ఫొటో ఆగస్టులో తీసినది బడిలోనే ఉంది. ఫారం నింపాను. ఆమె సంతకం ఉండాల్సిన చోట నేనే పెట్టాను. సర్వీసులో మొదటి దొంగ సంతకం. "లీ" గుడి దీర్ఘాన్ని తోక లాగి రాస్తుంది, అదీ లాగాను.

మదన్ మోహన్ రావు సార్ ఫారం చూశారు. సంతకం చూశారు. నన్ను చూశారు. అటెస్ట్ చేసి, ఫైలు నా వైపు జరిపి, సోషల్ క్లాసుకు వెళ్లిపోయారు.

ఆయనకూ నాకూ మధ్య ఈ ఏడాదిలో జరిగిన మంచి మాటల్లో ఇదే పెద్దది.

18 మార్చి 2012, ఆదివారం

హాల్ టికెట్ తీసుకుని బుగ్గారం వెళ్లాను. జగిత్యాల దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. దారంతా ఏం చెప్పాలో మనసులో వరుస పెట్టుకున్నాను.

ఇంటి ముందు పందిరి కింద లీల పసుపు కొమ్ములు ఏరుతోంది. నన్ను చూసి లేచి, లోపలికి వెళ్లి అత్తను పంపింది. తను గడపలో నిలబడింది. అత్త పేరు రాజవ్వ. గట్టి మనిషి. ఎందుకొచ్చానో చెప్పి హాల్ టికెట్ చూపించాను. గొడవకు సిద్ధపడే వచ్చాను. రాజవ్వ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. ఫొటో మీద వేలు పెట్టింది.

"మా ఇంట్ల పది రాసినోళ్లు ఎవలు లేరు" అంది. "రాస్తె రాయనియ్యి. పదిహేను దినాలు తల్లిగారింట్ల ఉంటది, ఏం పోతది? మావోనికి నేను చెప్త."

నేను వరుస పెట్టుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఇంత తేలికా? మరి ఆ అక్టోబర్‌లో వీళ్లతో మాట్లాడాలని నాకెందుకు తోచలేదు? మండల ఆఫీసు దాకా పోయాను, స్టేషన్ దాకా పోయాను. జగిత్యాల బస్సులు బందు, నిజమే. బైకు నడిచింది కదా.

లీల గడపలోంచి కదల్లేదు. "నేను రాయ" అంది.

ఎందుకు బిడ్డా అన్నాను.

"నాకేం యాదికి లేదు సార్. లెక్కలు ఆ అరుగు మీదనే ఆగినయి. మీరు మల్ల రాలే." కోపం లేదు గొంతులో. పసుపు అంటిన చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ చెప్పింది. "నేను టెంటు కాడికి అచ్చిన రోజు అమ్మ ఇంక మాట ఇయ్యలే. తెల్లారి ఇచ్చింది."

ఈ సంగతి ఇన్ని నెలలు నాకు తెలియదు.

రాజవ్వ నీళ్లు తెమ్మంది. లీల చెంబు తెచ్చి నా ముందు పెట్టి, అడిగింది, "సిద్రా రాస్తున్నదా సార్?"

రాస్తోందన్నాను.

హాల్ టికెట్ అందుకుంది. ఫొటోలోని రెండు జడల పిల్లను చూసుకుంది. మడిచి, రైకలో దోపుకుంది.

22 మార్చి, గురువారం

లీల మూడు రోజులుగా మా ఇంట్లోనే ఉంది. పరీక్షలు సోమవారం మొదలవుతాయి. అప్పుడు తల్లి దగ్గరికి పంపుతాను. సిద్రా, తనూ ఒకే చాప మీద కూర్చుంటున్నారు. నా నోట్స్ సిద్రా పుస్తకంలో శుభ్రంగా ఉన్నాయి, సెప్టెంబర్ ఇరవై నుంచి తేదీలతో సహా. లీల తేదీలు చూసింది. సిద్రా పుస్తకం మూసేయబోతే, ఉండనీ అంది.

అందుకుంటోంది. ఇంకా ఆ బుర్ర అలాగే ఉంది. నేను రెండుసార్లు చెప్పాల్సి రావడం లేదు. కానీ మధ్యలో లేచి పెరట్లోకి పరిగెడుతోంది. జైనాబీ వెనకే వెళ్లి వీపు రుద్దింది. తిరిగి వచ్చి నాకు చెప్పింది, అయిదో నెల అని.

ఈ నాలుగు రోజుల్లో ఆరు నెలల చదువు పట్టదు. నాకు తెలుసు. చెప్తూనే ఉన్నాను.

3 ఏప్రిల్, మంగళవారం

లెక్కల రెండో పేపరు ఇవాళ అయింది. సెంటరు గేటు బయట మొగిలవ్వ, నేను. లీల అందరికంటే చివర వచ్చింది. ఎట్ల రాసినవ్ అంటే, వచ్చిన కాడికి రాసిన సార్ అంది. కుర్చీలో రెండున్నర గంటలు కూర్చుని కాళ్లు వాచాయి. మొగిలవ్వ అక్కడే నేల మీద కూర్చుని బిడ్డ పాదాలు ఒళ్లోకి తీసుకుంది. నేను ప్రశ్నపత్రం చదువుతూ పక్కకు జరిగాను.

పరశురాములు కోరుట్ల నుంచి బైకు మీద వచ్చి తీసుకెళ్లాడు. నాకు నమస్తే పెట్టాడు. చెడ్డవాడిలా లేడు. చెడ్డవాడైతే బాగుండు.

24 మే, గురువారం

రిజల్ట్స్. మా బడిలో ఇరవై తొమ్మిదిలో ఇరవై ఎనిమిది పాస్. మండలంలో ఫస్ట్. మదన్ మోహన్ రావు సార్ స్వీట్లు తెప్పించారు. సిద్రాకు లెక్కల్లో తొంభై ఒకటి.

ఆ ఒక్కరు లీల. తెలుగు 78. సైన్స్ 61. సోషల్ 70. లెక్కలు 31. నాలుగు మార్కులు తక్కువ.

నా సబ్జెక్టు.

ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని కూర్చున్నాను. సమ్మె నెలలో చెప్పాల్సిన పాఠాల నుంచి వచ్చినవాటికి పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. తర్వాత రబ్బరుతో చెరిపేశాను. ఎవరైనా చూస్తారని.

కోరుట్లకు, పరశురాములు ఫోన్‌కు చేశాను. లీలకు ఇచ్చాడు. జూన్‌లో సప్లిమెంటరీ ఉంది, ఒక్క సబ్జెక్టే అన్నాను. ఏడో నెల సార్ అంది. తర్వాత చూద్దాం అంది.

ఆ మాట నేను నేర్పిందే.

11 ఆగస్టు 2012

జగిత్యాల ఆసుపత్రిలో లీలకు ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. మొగిలవ్వ ఫోన్ చేసి ఏడ్చింది, సంతోషంతోనే.

30 మార్చి 2013

లీలకు మళ్లీ ఫారం నింపాను, ఈసారి సంతకం ఆమెతోనే పెట్టించి. పరీక్షకు రాలేదు. పాపకు జ్వరమట. సెంటరు దగ్గర గంటసేపు నిలబడి, మూడో బెల్లు కొట్టాక వచ్చేశాను.

2 జూన్ 2014, సోమవారం

తెలంగాణ వచ్చింది.

నిజంగా వచ్చింది. పొద్దున బడి ముందు జెండా ఎగరేస్తుంటే నా కళ్లు తడిశాయి. ఇది కూడా అబద్ధం కాదు. రాసి పెట్టుకోవాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

తర్వాత సన్మానాలు. మదన్ మోహన్ రావు సార్ పేర్లు చదివారు. ఉద్యమంలో ముందు నిలిచిన ఉపాధ్యాయులు. మూడో పేరు నాది. వేదిక మీద శాలువా కప్పి, మైకులో అన్నారు, సమ్మె కాలంలో హైదర్ సాబ్ ఒక్క దినం కూడా బడి గడప తొక్కలేదని. అరుగు గడప కాదు కదా, ఆ లెక్కన నిజమే.

జనం చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ల వరుసలో మొగిలవ్వ కూడా ఉంది. ఆమె కూడా కొట్టింది. నా కళ్లలోకి చూసి, మనస్ఫూర్తిగా, మిగతావాళ్లు ఆపాక కూడా. ఆమెకు నిజంగానే సంతోషంగా ఉంది. అదే భరించలేకపోయాను.

శాలువా ఇంటికి తెచ్చాను. ఏం చేయాలో తెలియక బీరువాలో పెట్టాను.

19 నవంబర్ 2014, బుధవారం

లీల ఫోన్. రెండేళ్లలో తనంతట తాను చేయడం ఇదే మొదలు. బుగ్గారంలో అంగన్‌వాడీ టీచరు పోస్టు పడిందట. ఆ ఊరి కోడలై ఉండాలి, పది పాసై ఉండాలి. నాలుగు మార్కులు కలిపే మార్గం ఏదైనా ఉందా సార్ అని అడిగింది. అప్లికేషన్‌కు పది రోజులే ఉంది.

లేదు బిడ్డా అన్నాను.

అవతల పాప ఏదో అడుగుతోంది. "ఆయాకైతె ఏడో తరగతి చాలట" అంది లీల. "ఏడుది ఉన్నది."

9 ఫిబ్రవరి 2015

లీలకు ఆయా పోస్టు వచ్చింది. ఊడుస్తుంది, నీళ్లు పడుతుంది, అన్నం వండి పెడుతుంది. టీచరమ్మ రాని రోజు పిల్లలకు అంకెలు కూడా చెప్తుందట. పిల్లలు ఆమెనే టీచర్ అని పిలుస్తుంటే, అట్లా పిలవొద్దని టీచరమ్మ చెప్పిందట.

ఇప్పుడు లీలక్క అంటున్నారట.